చెరువు కడుపున పుట్టిన నదులు

నది నుండి కాలువకు, కాలువ నుండి చెరువుకు నీరు నడుస్తుందని చిన్న తరగతుల భూగోళ పాఠాలు చెబుతాయి. ఆవడి పరిసరాలలో ఈ పాఠం తలక్రిందులవుతుంది. ఆవడికి దక్షిణాన పారే కూవం నది, తిరువళ్ళూరు జిల్లాలోని కూవం అనే గ్రామపు చెరువు కలుజు దిగి బయలుదేరుతుంది. ఉత్తరాన పారే కుశస్థలికి ఉన్న రెండు ప్రధాన పాయలలో ఒకటి, కావేరిపాక్కం పెద్దచెరువు నిండి పొర్లిన మిగులు నీటితో మొదలవుతుంది. తమిళులు దీనినే కొసస్థలయారు అంటారు. కేశవరం వద్దనున్న ఆనకట్ట ఈ రెండు నదులకూ నీటిని పంచుతుంది. పట్టణవాసులు నేడు మురుగుకాలువగా మాత్రమే ఎరిగిన కూవం, పుట్టుకచేత ఒక పల్లెచెరువు బిడ్డ.

కుశస్థలి రెండవ పాయ తెలుగునేల నుండి వస్తున్నది. కార్వేటినగరం, నగరి ప్రాంతపు కొండలలో కురిసిన వాన కృష్ణాపురం జలాశయం దాటి, పళ్ళిపట్టు మీదుగా దిగి, పూండి వద్ద మొదటి పాయతో కలుస్తుంది. తిరుత్తణి ప్రక్కన పారే నంది ఏరు కూడా ఈ పరివారంలోనిదే. పూర్వం మదరాసు రేవుకు వచ్చే నావికులు తీరం కనబడక మునుపే దూరాన ముక్కువలె నిలిచిన నగరి కొండకొమ్మును చూసి దిక్కు పోల్చుకునేవారట. ఆ కొండ మీద పడిన చినుకు ఎన్నూరు వద్ద సముద్రంలో కలవవలెనంటే వందకు పైగా కిలోమీటర్లు నడవాలి. ఆ నడక ఎంత నెమ్మదిగా సాగితే దారిలోని పల్లెలకు అంత క్షేమం.

ఈ ప్రాంతానికి ఏడాది వానలో పెద్ద భాగం అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే పడుతుంది. అదైనా సన్నగా, నిలకడగా పడే వాన కాదు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినపుడు రెండు మూడు దినాలలో కుమ్మరించి పోతుంది. కొండవాలు నిటారు, మైదానం దాదాపు బల్లపరుపు. పైనుండి పరుగున దిగిన నీరు క్రింద కదలక నిలిచిపోతుంది. మిగిలిన తొమ్మిది నెలలు ఏళ్ళలో ఇసుకే కనబడుతుంది. ఇటువంటి నేలలో ఒకే నీరు మూడు దినాలు శత్రువు, తొమ్మిది నెలలు ప్రాణం. దానిని పరుగెత్తనీయక కట్టివేసే ఉపాయంగా పూర్వులు కనుగొన్నది చెరువుల గొలుసు.

చెరువును చాలామంది సేద్యపు నీటి తొట్టిగా మాత్రమే చూస్తారు. అది సగం నిజమే. వాలుకు అడ్డంగా అర్ధచంద్రాకారంలో మట్టికట్ట వేస్తారు. కట్ట అడుగున తూము ఉంటుంది. దాని గుండా ఆయకట్టుకు నీరు పోతుంది. కట్ట ఒక కొసన, కట్ట ఎత్తుకన్న తగ్గుగా, రాతితో కట్టిన పొర్లుదారి ఉంటుంది. చిత్తూరు, నెల్లూరు వైపు దానిని కలుజు అనీ, మొరవ అనీ, మరికొన్ని తావులలో అలుగు అనీ అంటారు. చెరువు నిండిన తరువాత వచ్చిన నీరు కలుజు మీదుగా దిగి, వాగుపట్టి, క్రింది ఊరి చెరువుకు చేరుతుంది. అది నిండితే దాని క్రిందిది. ఇట్లా కొండపాదం నుండి సముద్రపు ఒడ్డు వరకు ఒక చెరువు మరొక చెరువుకు నీరు అందిస్తూ పోతుంది. అంబత్తూరు, కొరట్టూరు, రెట్టేరి చెరువులు ఇటువంటి గొలుసులో ముక్కలే. ఇప్పుడు వాటి నడుమ కర్మాగారాలు, వీధులు, రైలుదారి వచ్చి గొలుసు కంటికి కనబడదు, అంతే.

నిండిన చెరువు వరదను ఆపలేదు గదా అనే సందేహం సహజం. నిండిన చెరువు కూడా వరదను ఆలస్యం చేస్తుంది. నూరెకరాల నీటిపరపు గల చెరువు కలుజు మట్టానికి నిండి ఉన్నదనుకుందాం. పైనుండి వరద వచ్చి చెరువులో నీరు ఒక్క అడుగు పెరిగినదంటే, ఆ ఒక్క అడుగులోనే 43 లక్షల 56 వేల ఘనపుటడుగుల నీరు ఒదిగినట్లు. సెకనుకు వేయి ఘనపుటడుగుల చొప్పున వచ్చే వరదను అది గంటా పన్నెండు నిమిషాలపాటు తనలో ఇముడ్చుకోగలదు. ఈలోగా కలుజు మీద పలుచగా పొర్లే నీరు క్రిందికి నెమ్మదిగానే పోతుంది. ఇటువంటి చెరువులు ఇరవై ఉన్న వాగులో, పైనుండి ఒక్క ఉదుటున వచ్చిన వరద, క్రింది ఊరికి చేరేసరికి ఉద్ధృతి తగ్గి, కాలం సాగి, ఏటిగట్టు పట్టే ప్రవాహంగా మారుతుంది. వాన తొలకరిలోనైతే చెరువులు ఎండి ఉంటాయి గనుక అంత నీటినీ మింగి, భూమిలోకి ఇంకించి, బావులకు ఊట ఇస్తాయి.

తమిళనాడులో ఇటువంటి చెరువులు 39 వేలకు పైగా ఉన్నట్లు లెక్కలు చెబుతున్నాయి. ఒకప్పటి చెంగల్పట్టు జిల్లాకు చెరువుల జిల్లా అన్న పేరే ఉండేది. నేటి తిరువళ్ళూరు జిల్లాలో చాలా భాగం దానిలోనిదే.

ఈ విద్య ఎంత పాతదో చెప్పడానికి శాసనాలున్నాయి. షోళింగర్, అరక్కోణం పరిసరాలలోని మహేంద్రవాడిలో, ఒకే బండను తొలిచి పల్లవ మహేంద్రవర్మ గుహాలయం చేయించాడు. అక్కడి శాసనం ఆ ఆలయం మహేంద్ర తటాకపు ఒడ్డున ఉన్నదని చెబుతున్నది. అనగా ఏడవ శతాబ్ది ఆరంభానికే రాజు తన పేరు పెట్టుకోదగిన చెరువు అక్కడ ఉన్నది. ఉత్తరమేరూరులో పరాంతక చోళుని కాలపు 919, 921 సంవత్సరాల శాసనాలు గ్రామసభ ఎన్నికల పద్ధతిని వివరిస్తూ, చెరువు పనులు చూచే ఏరి వారియానికి ఆరుగురు సభ్యులను ఏటేటా చీట్లు తీసి ఎన్నుకోవలెనని విధించాయి. పంట లెక్కలు చూడడానికి, తోటలు చూడడానికి వేరే వారియాలు ఉన్నట్లే చెరువుకూ ఒక వారియం. వరద వచ్చిన రాత్రి ఎవరు బాధ్యులో ఊరందరికీ ముందే తెలిసి ఉండేదన్నమాట.

తెలుగునేలలో దీనికి సాటియైనది కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం. విజయనగర రాజైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించినది. రెండేండ్లపాటు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసి ఆ చెరువు కట్టినట్లు అందులో ఉన్నది. అంతకన్న విలువైనది, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు పట్టే ఆరు దోషాలను అది వరుసపెట్టి చెప్పడం. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టినేల, దూరం నుండి తీయని నీరు తెచ్చే ఏరు, కట్టకు రెండు కొసల ఆనిక ఇచ్చే కొండ, దగ్గరలో రాతిగని, పని తెలిసిన జనం – ఇవి అంగాలలోనివి. కట్ట ఊట పెట్టడం, చవుడు నేల, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం దోషాలలోనివి. ఆ ఆరింటిలో చదువరులను ఆశ్చర్యపరచే దోషం మరొకటున్నది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం. ఇంజనీరింగు గ్రంథాలలో కనబడని ఈ మాటను ఆరున్నర శతాబ్దాల క్రితమే రాతి మీద చెక్కినవారు కట్టడంతోపాటు కాపలాను కూడా లెక్కలోనికి తీసుకున్నారు.

కాపలాకు ఖర్చు ఎక్కడిది? చెరువు కట్టినవానికి, బాగుచేసినవానికి దాని క్రింద భూమిలో కొంత పాలు మాన్యంగా ఇచ్చేవారు. రాయలసీమలో, చిత్తూరు ప్రాంతంలో దానిని దశబంధం అనేవారు. చెంగల్పట్టు పల్లెలలో కళ్ళం మీద పంట పంచేటప్పుడు, ఇంటికి ధాన్యం పోకముందే, చెరువు పాలు వేరుగా తీసేవారు. 1767 నుండి 1774 వరకు బార్నార్డ్ అనే ఇంజనీరు ఈ జాగీరులోని రెండువేలకు పైగా గ్రామాలను సర్వే చేయించగా తయారైన లెక్కలలో ఈ పాళ్ళ వివరాలున్నాయి. తూము తెరచి మూసి నీరు పంచే పని నీరుగంటిది. తమిళులు అతనిని నీర్కట్టి అంటారు. వేసవిలో పూడిక తీసి పొలాలకు తోలుకోవడం, గండిపడే చోట మట్టి వేయడం ఊరివారందరి వంతు. దానికి పేరు కుడిమరామత్తు. పూడికమన్ను పొలానికి ఎరువుగా పనికివచ్చేది గనుక, ఈ పని వెట్టిగా తోచేది కాదు.

ఈ కథలో తెలుగువారికి ఒక ప్రత్యేక స్థానమున్నది. తమిళదేశమంతటా చెరువులు త్రవ్వి కట్టలు వేసిన నేర్పరులలో వడ్డెరలు ముఖ్యులు. ఇంటిలో తెలుగు మాటలాడుతూ, పని ఉన్న చోటికల్లా సంసారాలతో తరలిపోయి, తట్టా గడ్డపారలతో మట్టికొండలను లేపినవారు వారు. తమిళులు వారిని ఒట్టర్, బోయర్ అని పిలిచారు. మట్టిపని చేసేవారు, రాతిపని చేసేవారు అని వారిలో విభాగాలుండేవి. రాజుల పేర్లు శాసనాలలో ఉన్నాయి, కట్టల మీద నడిచే జనానికి ఈ పేర్లు తెలియవు.

ఇంగ్లీషు కుంపినీ వచ్చిన తొలి దినాలలో కూడా చెరువుల మాట పూర్తిగా మరుగునపడలేదు. 1794 నుండి 1798 వరకు జాగీరు కలెక్టరుగా ఉన్న లయొనెల్ ప్లేస్ పాడుపడిన చెరువులు బాగుచేయించడంలో పట్టుదల చూపాడు. మధురాంతకం స్థలపురాణం ఆయననే కథానాయకునిగా చేసుకున్నది. అక్కడి పెద్దచెరువు వానకాలంలో గండిపడుతూ ఉండేది. ఒక ఏడు కుంభవృష్టి కురిసిన రాత్రి, కట్ట తెగుతుందేమోనని కలెక్టరు స్వయంగా చూడబోగా, విల్లమ్ములు ధరించిన ఇద్దరు యువకులు కట్ట మీద అటూ ఇటూ తిరుగుతూ కాపలా కాస్తున్నట్లు కనబడిందట. తెల్లవారేసరికి కట్ట చెక్కుచెదరలేదు. కలెక్టరు ఇచ్చిన మాట ప్రకారం అమ్మవారి సన్నిధి కట్టించాడనీ, ఆలయంలోని శాసనం ఆ ధర్మాన్ని ఆయన పేర చెబుతున్నదనీ ప్రతీతి. నాటినుండి అక్కడి కోదండరామునికి ‘ఏరి కాత్త రామర్’, అనగా చెరువు కాచిన రాముడు, అని పేరు. కథను నమ్మడం నమ్మకపోవడం ఎవరిష్టం వారిది. వరదరాత్రి చెరువుకట్ట మీద ఒక మనిషి నిలిచి ఉండవలెనన్న నియమాన్ని ఆ ఊరు దేవునికి కూడా వర్తింపజేసినదన్నది మాత్రం నిజం.

తరువాతి శతాబ్దంలో ఆ నియమం సడలింది. భూమిశిస్తు నగదుగా మారి, కళ్ళం మీది చెరువు పాలు సర్కారు ఖజానాలో కలిసిపోయింది. పాలు పోయిన తరువాత పని మాత్రం ఎవరు చేస్తారు? 1858లో మదరాసు ప్రభుత్వం ఒక చట్టం చేసి, గండి ప్రమాదం వచ్చినపుడు గ్రామస్థులను నిర్బంధంగా పనికి పిలిచే అధికారం తీసుకున్నది. ఆచారంగా నడిచిన దానికి చట్టం కావలసివచ్చిందంటేనే ఆచారం క్షీణించినదని అర్థం. 1876–78 నాటి ఘోర క్షామం తరువాత, 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం మొదలై సర్వేలు, మరమ్మత్తులు దశాబ్దాలపాటు సాగాయి. ఆ సర్వేలు చేసినవారి శ్రమ తక్కువది కాదు. కాని ఊరి చెరువు అప్పటికి దస్తావేజులలో సర్కారు చెరువు అయిపోయింది. తిరుత్తణి వైపు కార్వేటినగరం జమీందారీలో ఉండినందున అక్కడి చెరువుల గతి జమీందారు ఓపికను బట్టి సాగింది. 1948 చట్టంతో జమీందారీలు రద్దయి అవి కూడా ప్రభుత్వం చేతికి వచ్చాయి.

ఇంతలో మదరాసు నగరం దాహం పెరిగింది. 1872 నాటికి తామరపాక్కం ఆనకట్ట నుండి కుశస్థలి నీటిని చోళవరం, పుళల్ చెరువులకు మళ్ళించి నగరానికి త్రాగునీరు ఇచ్చారు. ఆ రెండూ అంతకుమునుపు సేద్యపు చెరువులే. మేయరుగా సత్యమూర్తి పట్టుబట్టగా 1940లో పూండి వద్ద శంకుస్థాపన జరిగి, 1944లో జలాశయం పూర్తయింది. దానికి తన పేరు పెట్టడం చూడకుండానే ఆయన 1943లో కన్నుమూశారు. 323 కోట్ల ఘనపుటడుగుల నీరు పట్టే ఈ పూండికే, 1983 ఒప్పందం ఫలితంగా, 1996లో కండలేరు నుండి తెలుగుగంగ కాలువ ద్వారా కృష్ణా జలాలు చేరాయి. నగరానికి నీరు తెచ్చే పనులకు ఇంత పెద్ద మనసు దొరికిన కాలంలోనే, నగరం నుండి వరదను దూరంగా ఉంచే చిన్న చెరువులకు పట్టించుకునేవారు కరవయ్యారు.

ఆవడి మార్పు ఇందుకు కన్నులకు కట్టే ఉదాహరణ. సైనిక వాహనాల కర్మాగారపు ఇంగ్లీషు పేరులోని తొలి అక్షరాలు కూర్చి ఈ ఊరికి పేరు వచ్చినదని ఇప్పటికీ చెప్పేవారున్నారు. కర్మాగారం 1960 దశకంలో వచ్చినది. 1955 జనవరిలో సామ్యవాద తరహా సమాజ తీర్మానం చేసిన కాంగ్రెసు మహాసభ ఆవడి కాంగ్రెసుగానే చరిత్రకెక్కింది. పేరు పాతది, ఊరు పాతది, ఊరి చెరువులూ పాతవే. కర్మాగారాలతో పాటు పని వెదుక్కుంటూ ఎందరో వచ్చి స్థిరపడ్డారు. తెలుగు కుటుంబాలు కూడా వారిలో అనేకం. ఇండ్లు కావలసి వచ్చాయి. మెరక చోట్లు నిండాక పల్లపు చోట్లు, ఆ తరువాత వాగుల ఒడ్లు నిండాయి. తూముల క్రింద పొలాలు లేకపోయాక చెరువుకు యజమానులు లేకపోయారు. పరుత్తిపట్టు చెరువులోనికి ఏండ్ల తరబడి ఊరి మురుగు చేరింది. 87 ఎకరాల ఆ చెరువును శుభ్రపరచి, చుట్టూ నడకదారి వేసి 2019లో ప్రజలకు తెరిచారు. ఆవడి నగరపాలక సంస్థగా మారినదీ ఆ ఏడే.

2015 నవంబరులో చెన్నై నుంగంబాక్కంలో 1,049 మిల్లీమీటర్ల వాన పడింది. 1918 తరువాత ఏ నవంబరులోనూ అంత పడలేదు. అప్పటికే చెరువులన్నీ నిండి ఉండగా డిసెంబరు 1న మళ్ళీ కుండపోత కురిసింది. ఆ రాత్రి చెంబరంబాక్కం నుండి సెకనుకు 29 వేల ఘనపుటడుగుల నీరు అడయారులోనికి వదిలారు. తరువాత ఏమి జరిగిందో అందరికీ తెలిసినదే. 2018లో శాసనసభ ముందుకు వచ్చిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక దానిని మానవులు తెచ్చిన విపత్తుగా పేర్కొన్నది. నీరు ఎంత వదిలారు, ఎప్పుడు వదిలారు అన్న వాదం చాలాకాలం సాగింది. పైనున్న చిన్న చెరువుల కడుపులు పూడికతో నిండి, వాటి నడుమ వాగులు ఇండ్లస్థలాలై, ఎక్కడి వాన అక్కడ ఆగక అంతా ఒకే మారు పెద్దచెరువుకు చేరిన సంగతికి ఆ వాదంలో తక్కువ చోటు దొరికింది.

చెరువుల గొలుసుకు లేని మహిమ అంటగట్టడం కూడా తగదు. కాపు లేని గొలుసు వరదకన్న ప్రమాదకరం. పైకట్ట తెగితే ఆ నీరంతా క్రిందికట్ట మీద పడుతుంది. 2021 నవంబరులో కడప జిల్లాలో పింఛా జలాశయపు కట్ట తెగి, ఆ వరద తాకిడికి 19వ తేదీన చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు మట్టికట్ట కొట్టుకుపోయి, తెల్లవారుజామున ఎందరో ప్రాణాలు కోల్పోయారు. అదే వారంలో తిరుపతి సమీపాన రాయలచెరువు కట్ట నుండి నీరు ఊటగా రావడంతో క్రింది పల్లెలను ఖాళీ చేయించారు. ఇసుకబస్తాలతో రాత్రింబగళ్ళు శ్రమించగా ఆ ప్రాచీనమైన కట్ట నిలిచింది. పోరుమామిళ్ళ శాసనం చెప్పిన ఆరు దోషాలలో ఊట ఒకటి.

ఈ విషయంలో సీమదేశపు అనుభవం ఒకటి చెప్పుకోదగినది. ఇంగ్లండు ఉత్తర భాగంలో పికరింగ్ అనే చిన్న పట్టణం తరచు మునిగేది. ఎత్తైన గోడలు కట్టే ఖర్చు భరించలేక, 2009 నుండి అక్కడివారు వేరొక దారి పట్టారు. పై అడవులలోని వాగులకు అడ్డంగా దుంగలతో, నీరు సందులగుండా కారిపోయే 167 చిన్న అడ్డుకట్టలు వేశారు. చెట్లు నాటారు. పట్టణానికి ఎగువన లక్షా ఇరవై వేల ఘనపుమీటర్ల నీరు నిలిచే ఒక మట్టికట్ట కట్టారు. 2015 క్రిస్మస్ వానలకు చుట్టుప్రక్కల పట్టణాలు మునిగినా పికరింగ్ మునగలేదు. దీనికి సహజ వరద నియంత్రణ అని పేరు పెట్టి పలు దేశాలవారు అధ్యయనం చేస్తున్నారు. ఆ మట్టికట్ట నిలిపే నీరు సుమారు 42 లక్షల ఘనపుటడుగులు. పైన లెక్కకట్టిన నూరెకరాల చెరువులో ఒక్క అడుగు నీటికి అది ఇంచుమించు సమానం. అటువంటి చెరువులు తిరువళ్ళూరు జిల్లాలో అడుగడుగునా ఉన్నాయి. వాటిని క్రొత్తగా కనిపెట్టవలసిన పని లేదు, కలుజు నుండి క్రింది చెరువుకు పోయే దారి వెదకి తీయవలసి ఉన్నది.

ఆ ప్రయత్నాలు లేకపోలేదు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ పేరున 46 వేలకు పైగా చెరువుల పూడికతీత తలపెట్టారు. తమిళనాడు ప్రభుత్వం 2017 మార్చిలో మణిమంగళం చెరువు వద్ద కుడిమరామత్తు అన్న పాత పేరుతోనే క్రొత్త పథకం ఆరంభించింది. పేరు తిరిగి వచ్చింది. కళ్ళం మీది పాలు గాని, ఏటేటా ఎన్నికయ్యే ఆరుగురు గాని తిరిగి రాలేదు. పూడిక తీయడం గుత్తేదారు పనిగా జరిగిపోతుంది. వరదరాత్రి కట్ట మీద ఎవరుంటారన్న ప్రశ్నకు గుత్తలో జవాబు ఉండదు.

ఇక సరిహద్దు దోషం మాట. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినపుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉండెను. పటాస్కర్ తీర్పు ననుసరించి 1960 ఏప్రిల్ 1న మదరాసు రాష్ట్రంలో చేరింది. బదులుగా సత్యవేడు వైపు గ్రామాలు ఆంధ్రకు వచ్చాయి. ఊళ్ళు పంచుకున్నారు, భాషలు లెక్కించుకున్నారు. నదిని పంచుకోవడానికి మాత్రం కొలబద్ద దొరకలేదు. నేడు కుశస్థలి పైభాగం ఒక రాష్ట్రంలో, క్రిందిభాగం మరొక రాష్ట్రంలో ఉన్నాయి. కార్తీకమాసంలో కృష్ణాపురం జలాశయం నిండవస్తే చిత్తూరు వైపు అధికారులు తిరువళ్ళూరు వైపు అధికారులకు కబురు పంపుతారు, అటుపిమ్మట గేట్లు తెరుస్తారు. కబురు పళ్ళిపట్టు చేరి, అక్కడి పల్లెలలో దండోరా పడేసరికి కొన్ని గంటలు గడుస్తాయి. ఏటికి అడ్డంగా ఉన్న తగ్గు వంతెనలు అప్పటికే మునిగి, ఒడ్డున బడిపిల్లలు, పాలబిందెలవారు నీరు తగ్గేదాకా నిలిచి ఉంటారు. ఆ నీరు పూండి చేరడానికి ఎంతసేపు పడుతుందన్నది దారిలోని ఎన్ని చెరువుల కలుజులు ఆ ఏడు తెరపిగా ఉన్నాయో దానిని బట్టి ఉంటుంది.